జోరువానలో బైక్ టూర్: లామినేట్ సూటా, పైన తొడుక్కునే రెయిన్ సూటా?

ప్రశ్న: వచ్చే వానాకాలంలో నేనూ మా ఆవిడా బైక్ మీద పది రోజుల టూర్ వెళ్దామనుకుంటున్నాం. నా దగ్గర మెష్ (గాలి ఆడే జాలీ బట్ట) జాకెట్, రైడింగ్ ప్యాంటు ఉన్నాయి. రెండింటికీ లోపల జిప్పుతో తగిలించుకునే రెయిన్ లైనర్లు వచ్చాయి. పోయినసారి రోజంతా జోరువానలో నడిపితే ఛాతీ పొడిగానే ఉంది కానీ తొడల మధ్య తడిసిపోయింది, గ్లవ్స్ పిండితే నీళ్లు కారాయి, బూట్లు నిండిపోయాయి. సాయంత్రానికి పళ్లు కొట్టుకునేంత చలి. ఇప్పుడు ఒక షాపులో లామినేట్ సూట్ (నీరాపే పొరని పై బట్టకే అతికించిన సూట్) కొనమంటున్నారు, అది చాలా ఖరీదు. ఇంకొకరు మామూలు రెయిన్ సూట్ చాలంటున్నారు. ఒకదాని మీద 10,000 మి.మీ. అని, మరోదాని మీద 20,000 మి.మీ. అని రాసి ఉంది. పెద్ద అంకె ఉన్నది తీసుకుంటే సరిపోతుందా? మా ఆవిడకి కూడా అదే కొనాలా?

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట "ఛాతీ పొడిగానే ఉంది" అన్నది. బైక్ మీద వెళ్లేటప్పుడు వాన దెబ్బ ముందు తగిలేది ఛాతీకే. అక్కడ నీరు దిగలేదంటే మీ లైనర్ బట్ట దాని పని అది చేసిందన్నమాట. తడిసినవన్నీ ఒక బట్ట అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట్లు, లేకపోతే నాలుగు కుట్లు వచ్చి కలిసే చోట్లు. మెడ, మణికట్టు, ఒడి, చీలమండ: వానలో బైక్ నడిపేవాళ్లకి నీళ్లు దాదాపు ఎప్పుడూ ఈ నాలుగు దారుల్లోంచే వస్తాయి. ఎంత పెద్ద అంకె ఉన్న బట్ట కొన్నా ఈ దారులు వాటంతట అవి మూసుకోవు.

కాబట్టి లామినేట్ సూట్ ఇప్పుడు వద్దు. మీ మెష్ జాకెట్, ప్యాంటు అలాగే ఉంచుకోండి. వాటి మీద తొడుక్కునే మంచి రెండు ముక్కల రెయిన్ సూట్ కొనండి. మిగిలిన డబ్బు వాటర్‌ప్రూఫ్ బూట్లకి, గ్లవ్స్‌కి పెట్టండి. లోపలి లైనర్లని వాన కోసం మాత్రం ఇక నమ్ముకోకండి. చల్లగాలి ఆపడానికి పనికొస్తాయి, ఉంచుకోండి.

ముందు అంకెల సంగతి. 10,000 మి.మీ. అంటే ఆ బట్ట ముక్క మీద పది మీటర్ల ఎత్తున నీళ్లు నిలబెట్టినంత ఒత్తిడి పెట్టినా నీరు ఇవతలికి దిగలేదని అర్థం. మామూలుగా పైనుంచి పడే వాన ఒత్తిడి దానికన్నా తక్కువే. బైక్ మీద లెక్క కాస్త మారుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చినుకు నేరుగా వచ్చి తగిలితే ఆ క్షణానికి, కాగితం మీద లెక్క ప్రకారం, 25 మీటర్ల నీటి ఎత్తుకు సమానమైన ఒత్తిడి వస్తుంది. అది రెప్పపాటు కూడా ఉండదు, చినుకు చెదిరిపోతుంది, బట్ట వెనక్కి ఒంగుతుంది, అందుకే మంచి బట్టలోంచి దిగదు. కానీ అదే చినుకు, నీరు దిగకుండా కుట్టు మీద అతికించే టేపు లేని సూది రంధ్రం మీదో, జిప్పు పళ్ల మీదో పడితే లోపలికి వచ్చేస్తుంది. సీటు మీద ఒత్తిడి వేరే రకం. మీ బరువంతా ఆ తడి బట్టని గంటల తరబడి నొక్కుతూనే ఉంటుంది. సగటున చూస్తే అది మీటరు నీటి ఎత్తుకి అటూ ఇటూగా ఉంటుంది, కూర్చునే ఎముకల కింద అంతకు కొన్ని రెట్లు. అయినా 10,000 కన్నా తక్కువే.

అంటే నికరమైన 10,000 చాలు. పైగా ఆ అంకె కొత్త బట్టని, కుట్టులేని ముక్కని పరీక్షించి రాసింది. సూట్ మొత్తాన్ని కాదు. షాపులో మీరు చూడాల్సింది లేబుల్ మీద కాదు, లోపలి వైపు. సూట్‌ని తిరగేయండి. ప్రతి కుట్టు మీదా టేపు అతికించి ఉందా, అంచులు లేచిపోతున్నాయా, జేబుల కుట్లకి కూడా టేపు ఉందా చూడండి. జేబు దగ్గర టేపు ఎగ్గొట్టిన సూట్లు చాలా కనబడతాయి. అక్కడ మొదలైన నీటి బొట్టు కడుపు మీదికి వచ్చి ఆగుతుంది.

అంకె కన్నా నమ్మదగ్గ గుర్తు ఇంకోటుంది. వాన బట్టలకి యూరప్ పెట్టిన ప్రమాణం ఈఎన్ 343 పాటించిన వాటి లోపల గొడుగు బొమ్మ, దాని పక్కన అంకెలు ఉంటాయి. 2019 నాటి కొత్త రూపంలో మొదటి అంకె నీటిని ఆపే తరగతి, రెండోది చెమట ఆవిరి బయటికి పంపే తరగతి, రెండూ 1 నుంచి 4 దాకా. మూడో చోట ఆర్ అనే అక్షరం ఉంటే తయారైన బట్ట మొత్తాన్ని కృత్రిమ వానలో నిలబెట్టి పరీక్షించారని. ఎక్స్ ఉంటే ఆ పరీక్ష చేయలేదని. తమాషా ఏమిటంటే ఇందులో నీటికి సంబంధించిన పై తరగతి, అంటే 4, కేవలం 20,000 పాస్కల్స్ అడుగుతుంది. అది రెండు మీటర్ల నీటి ఎత్తు. ప్రకటనల్లోని 20,000 మిల్లీమీటర్ల పక్కన చాలా చిన్నగా కనిపిస్తుంది. కానీ ఇక్కడ బట్టని ఉతికి, రాపిడి పెట్టి, మడతలు పెట్టి ఆ తర్వాత కొలుస్తారు, కుట్లని కూడా కొలుస్తారు. నాకైతే ఈ చిన్న అంకె మీదే గురి.

ఇప్పుడు మీ చలి గురించి, ఎందుకంటే లైనర్లు వద్దనడానికి అసలు కారణం అదే. లైనర్ లోపల ఉంటే పైన ఉన్న మెష్, ప్యాడ్లు, జేబులు అన్నీ నీళ్లు తాగుతాయి. లోపల పొడిగానే ఉంటారు, కానీ తడి గోనెసంచి కప్పుకుని గాలిలో కూర్చున్నట్టే. ఆ నీళ్లు గాలికి ఆవిరవుతూ ఉంటాయి. ఒక్క గ్రాము నీరు ఆవిరవడానికి దాదాపు 2,400 జౌల్స్ వేడి కావాలి. పూర్తిగా నానిన జాకెట్, ప్యాంటు కలిపి రోజంతటిలో ఒక లీటరు నీరు ఆవిరి చేశాయనుకుందాం. 24 లక్షల జౌల్స్. కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్లు సెకనుకి సుమారు 100 జౌల్స్ వేడి పుట్టిస్తుంది. అంటే మీ ఒళ్లు ఆరు గంటల పైన పుట్టించే వేడి అది. అందులో కొంత గాలి నుంచి వస్తుంది, అంతా మీదే కాదు. అయినా సాయంత్రానికి మీ పళ్లు ఎందుకు కొట్టుకున్నాయో తెలుస్తుంది కదా. చలి పట్టిన చెయ్యి బ్రేకు ఆలస్యంగా పడుతుంది, బుర్ర కూడా మందగిస్తుంది. వానలో పొడిగా ఉండడం సుఖం కోసమే అనుకుంటాం కానీ దానికి పైన భద్రత సంగతి ఉంది.

లైనర్‌తో ఇంకో చిక్కు ఉంది. వాన మొదలయ్యాక రోడ్డు పక్కన ప్యాంటు విప్పి లోపల లైనర్ తగిలించుకోవడం ఎవరివల్లా అయ్యే పని కాదు. అందుకని ఆకాశం చూసి పొద్దున్నే తగిలించుకుంటారు, వాన రాదు, చెమటతో ఉడికిపోతారు. మర్నాడు తగిలించుకోరు, వాన వస్తుంది.

కొన్ని జాకెట్లలో వాటర్‌ప్రూఫ్ పొరని తీయడానికి ఉండదు, పై బట్టకీ లోపలి అస్తరుకీ మధ్య వేలాడేలా కుట్టేస్తారు. దీన్ని డ్రాప్ లైనర్ అంటారు. వేసుకుని విప్పే బాధ తప్పుతుంది కానీ పై బట్ట నానడం, బరువెక్కడం, రాత్రంతా ఆరకపోవడం అన్నీ అలాగే ఉంటాయి. పది రోజుల టూర్‌లో రెండో రోజు పొద్దున తడి జాకెట్ తొడుక్కోవడం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

లామినేట్‌లో ఆ పొరని నేరుగా పై బట్ట వెనకాలే అతికిస్తారు. నీరు పై బట్టని దాటి నిలవడానికి చోటే ఉండదు. వాన ఆగాక దులిపితే చాలావరకు పోతుంది. ఈ రకం పొరల్లో అందరికీ తెలిసిన పేరు గోర్‌టెక్స్. 1969లో అమెరికా ఇంజనీరు బాబ్ గోర్ ఒక రకం ప్లాస్టిక్ కడ్డీని వేడి చేసి ఒక్కసారిగా లాగితే అది తెగిపోకుండా కంటికి కనపడని రంధ్రాలతో సాగిందట. ఆ రంధ్రాలు నీటి చుక్కకి చాలా చిన్నవి, ఆవిరి అణువుకి చాలా పెద్దవి. ఇప్పుడు చాలా రైడింగ్ గేర్ కంపెనీలకి డ్రైస్టార్, డి-డ్రై, హైడ్రాటెక్స్ లాంటి సొంత పేర్లున్నాయి. ఆ పేరు చూసి లామినేట్ అనుకోకండి. అదే పేరుతో డ్రాప్ లైనర్ జాకెట్లు కూడా అమ్ముతారు. పొర ఎక్కడ ఉందో అడగాలి.

లామినేట్ మంచిదే, కాదనను. రోజూ ఆఫీసుకి బైక్ మీద వెళ్లేవాళ్లు, ఏడాదిలో సగం రోజులు వానలోనే నడిపేవాళ్లు, రోజుకి పదిసార్లు వచ్చిపోయే జల్లుల్లో ఆగి తొడుక్కోవడం విసుగనిపించేవాళ్లు కొనుక్కోవచ్చు. మీకు ఎందుకు వద్దంటున్నానంటే, మీ దగ్గర ఉన్నది మెష్. అంటే మీరు ఎక్కువగా ఎండలోనే నడుపుతారు. ఎండలో లామినేట్ సూట్ మూసిన డబ్బా. దాని వెంటిలేషన్ జిప్పులు తెరిచినా మెష్‌కి సాటిరాదు. టూర్‌లో సగం రోజులు ఎండ కాస్తే ఆ ఖరీదైన సూట్‌ని తిట్టుకుంటారు. పైగా ఒడి, మణికట్టు, చీలమండ సమస్యలు అది కొన్నా అలాగే ఉంటాయి.

"చెమట ఆవిరి బయటికి పోతుంది" అన్న మాటని కూడా కాస్త తగ్గించి వినండి. ఆ ఆవిరి లోపల ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే బయటికి కదులుతుంది. చల్లటి వానలో పనిచేస్తుంది. ఉక్కపోత వానలో బయట గాలే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఎంత ఖరీదైన పొరైనా పెద్దగా చేయగలిగింది లేదు. అందుకని పైన తొడుక్కునే సూట్‌లో ఈ గుణం కోసం రెట్టింపు డబ్బు పెట్టకండి. అలాగని మందపాటి పీవీసీ సూట్ కూడా వద్దు. అది చలికి బిర్రబిగుస్తుంది, మడతల దగ్గర చిట్లుతుంది, లోపల ఆవిరి స్నానమే. పాలియురెథేన్ పూత వేసిన నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ, వీపు మీద రెక్క కింద గాలి దారి ఉన్నది, మీకు సరిపోతుంది.

ఒకే ముక్క సూటా, రెండు ముక్కలా? నీళ్లు ఆపడంలో ఒకే ముక్కదే పైచేయి, నడుం దగ్గర సందే ఉండదు. కానీ బూట్లతో, జాకెట్‌తో, వాన పడుతుండగా దాంట్లోకి దూరడం సర్కస్. కుంటుతూ ఒక కాలు మీద గెంతుతుంటే ఇంకో కాలి బూటుకున్న బురద సూట్ లోపలంతా పూసుకుంటుంది. పైగా జల్లు పడుతుంటే జాకెట్ ఒక్కటే వేసుకోవడం, కింద రోడ్డు తడిగా ఉంటే ప్యాంటు ఒక్కటే వేసుకోవడం కుదరదు. నా మొగ్గు రెండు ముక్కలకే. ఒక షరతు: ప్యాంటు నడుం బాగా పైకి, పక్కటెముకల దాకా వచ్చి భుజాల మీద పట్టీలతో నిలవాలి, లేకపోతే జాకెట్ అంచు మీరు వంగి కూర్చున్నప్పుడు కూడా తుంటి కిందికి రావాలి. నిలబడి అద్దంలో చూసుకుంటే అన్నీ పొడుగ్గానే కనిపిస్తాయి.

ఇక ఒడి. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరూ ఓడిపోయేది ఇక్కడే. ఛాతీ మీద పడ్డ నీరంతా జారి ట్యాంకుకీ తొడలకీ మధ్య గుంటలో చేరుతుంది. జాకెట్ ముందు అంచు సరిగ్గా అక్కడే ముగుస్తుంది. ప్యాంటు ముందు జిప్పు అక్కడే ఉంటుంది. కాళ్ల కుట్లు, వెనక కుట్టు కలిసేది కూడా అక్కడే. పైనుంచి మీ బరువు, కింద నీళ్లు పీల్చిన సీటు స్పాంజి. ఇన్ని కలిస్తే నీరు దిగక ఏం చేస్తుంది! కాబట్టి ప్యాంటు కొనేటప్పుడు ముందు జిప్పు లేనిది, ఎలాస్టిక్ నడుముది చూడండి. తొడల మధ్య నాలుగు కుట్లు ఒకే బిందువులో కలవకుండా, అక్కడ విడిగా ఒక పెద్ద ముక్క వేసి కుట్లని పక్కలకి జరిపినది దొరికితే వదలకండి. సీటు తగిలే చోట ఇంకో పొర, జారని బట్ట ఉంటే మంచిది, నున్నటి రెయిన్ ప్యాంటుతో బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారిపోతారు. మీ సీటు కవరు చిరిగి ఉంటే టూర్‌కి ముందే మార్పించండి. స్పాంజి నానితే వాన ఆగిన రెండు గంటల తర్వాత కూడా కింది నుంచి తడుపుతూనే ఉంటుంది.

జాకెట్ ముందు జిప్పు మీద ఒక రెక్క కాదు, రెండు ఉండాలి. లోపలి రెక్క కాలువలా మడిచి ఉంటే, పై రెక్క దాటిన నీరు దాంట్లోంచి కిందికి పోతుంది. జిప్పు ఏటవాలుగా భుజం వైపు వెళ్తే ఇంకా మంచిది. జిప్పు కింది కొస ఒడి గుంటలో మునగకూడదు. కాలర్ లోపల మెత్తటి బట్ట, వెల్క్రోతో బిగించుకునే వీలు చూడండి. హెల్మెట్ వెనక నుంచి కారే నీరు నేరుగా మెడలోకే వస్తుంది, కొన్ని సూట్లలో హెల్మెట్ కింద పెట్టుకునే పల్చటి హుడ్ ఉంటుంది, అది దీనికి చక్కటి విరుగుడు. మెడకి చుట్టుకునే నూలు గుడ్డని మాత్రం కాలర్ బయటికి రానివ్వకండి. బయట తడిసిన కొస నుంచి ఆ గుడ్డ నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. చొక్కా చేతులు, బనీను అంచు, ఏ గుడ్డ పీలిక బయట ఉన్నా ఇదే కథ. వాటర్‌ప్రూఫ్ పొర లోపల ఉన్నదేదీ బయటికి తొంగిచూడకూడదు.

ప్యాంటు కాలి దగ్గర జిప్పు మోకాలి దాకా, వీలైతే ఇంకా పైకి ఉండాలి. షాపుకి మీ బూట్లు వేసుకునే వెళ్లండి, మెష్ జాకెట్, ప్యాంటు కూడా. అవన్నీ ఉండగానే రెయిన్ సూట్ తొడిగి, బైక్ మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచి, చేతులు ముందుకి చాపి చూడండి. ప్యాంటు అంచు చీలమండ పైకి లేచిపోతే ఒక సైజు పెద్దది. బూటు దూరకపోతే కాలికి ముందు ఒక ప్లాస్టిక్ సంచి తొడిగి దూర్చండి, జర్రున జారుతుంది. సైలెన్సర్ వైపు పిక్క దగ్గర వేడికి ఆగే ముక్క కుట్టి ఉండాలి. అది లేని నైలాన్ ప్యాంటు వేడి పైపుకి తగిలితే కరిగి అతుక్కుపోతుంది. సూట్ మరీ వదులుగా ఉంటే గాలికి బెలూన్‌లా ఉబ్బి చప్పుడు చేస్తుంది, కుట్లు లాగేస్తుంది. జబ్బలకి, పిక్కలకి బిగించే పట్టీలు అందుకే.

ఒక హెచ్చరిక. తలమీంచి వేసుకునే పోంచో రకం బైక్ మీద ఎంత చిన్న దూరానికైనా వద్దు. దాని కొసలు వెనక చక్రంలోనో, చైన్‌లోనో చిక్కుకుంటే మనిషిని లాగి పడేస్తాయి. వెనక లైటుని కూడా కప్పేస్తుంది. ఇంకోటి, పడినప్పుడు గాలితో ఉబ్బి ఒంటిని కాపాడే ఎయిర్‌బ్యాగ్ చొక్కా వాడేవాళ్లయితే దాని మీద బిగుతైన రెయిన్ జాకెట్ వేయకూడదు. బ్యాగ్ ఉబ్బడానికి ఎంత చోటు కావాలో దాని పుస్తకంలో రాసి ఉంటుంది, అంత వదులు ఉండాల్సిందే. ఇక రెయిన్ సూట్ పడితే ఒంటిని కాపాడేది కాదు, రోడ్డు మీద రుద్దుకుంటే క్షణంలో చిరుగుతుంది. లోపల మీ జాకెట్, ప్యాడ్లు ఎప్పుడూ ఉండాలి.

చేతుల దగ్గర అందరూ అడిగేది, గ్లవ్ లోపల స్లీవ్ ఉండాలా, స్లీవ్ లోపల గ్లవ్ ఉండాలా అని. నీరు కిందికే జారుతుందని గుర్తుంచుకుంటే జవాబు దొరుకుతుంది. మీ బైక్ మీద కూర్చుని చేతులు హ్యాండిల్ మీద పెట్టండి. మణికట్టు మోచేతి కన్నా కిందికి ఉంటే నీరు చేతి మీదుగా గ్లవ్ వైపు జారుతుంది, అప్పుడు స్లీవ్ గ్లవ్ మీదికి రావాలి. ఎత్తైన హ్యాండిల్ బార్ ఉండి మణికట్టే పైకి ఉంటే గ్లవ్ అంచు స్లీవ్ మీదికి. రెండూ సమానంగా ఉంటే నేను స్లీవ్ పైకే వేస్తాను, చివర వెల్క్రో గట్టిగా బిగించి. కొన్ని గ్లవ్స్‌కి రెండు అంచులుంటాయి, ఒకటి స్లీవ్ లోపలికి, ఒకటి పైకి. తొడుక్కోవడానికి ఓపిక కావాలి కానీ పనిచేస్తాయి.

ఏ వాటర్‌ప్రూఫ్ గ్లవ్ అయినా రోజంతా జోరువానలో గెలుస్తుందని నేను మాట ఇవ్వలేను. పై తోలు నానుతుంది, వేళ్ల మధ్య కుట్లు చాలా ఉంటాయి, ఎంత మంచిదైనా ఎక్కడో ఓడిపోతుంది. అందుకే రెండో జత పొడిగా సంచిలో ఉంచుకుని మధ్యాహ్నం మార్చుకోండి. లేదా మామూలు గ్లవ్స్ మీద తొడుక్కునే పల్చటి వాటర్‌ప్రూఫ్ తొడుగులు కొనుక్కోండి, బొటనవేలు విడిగా ఉండి మిగతా వేళ్లు రెండు గదుల్లో పట్టేవి. బ్రేకు, క్లచ్ పట్టుకునేటప్పుడు కాస్త అలవాటు పడాలి. గ్లవ్ కొనేటప్పుడు తడి చేత్తో విప్పి చూడండి: లోపలి అస్తరు వేళ్లతో పాటు ఊడి బయటికి వస్తే ఆ జత వద్దు, రోడ్డు పక్కన దాన్ని మళ్లీ వేళ్లలోకి తోయడం నరకం. ఎడమ చూపుడు వేలి మీదో, బొటనవేలి మీదో చిన్న రబ్బరు వైపర్ ఉంటే హెల్మెట్ అద్దం (వైజర్) తుడుచుకోవడానికి ఎంత ఉపయోగమో వానలో తెలుస్తుంది. మీ బైక్‌కి హ్యాండ్ గార్డులు (హ్యాండిల్ దగ్గర చేతుల ముందు అడ్డుగా ఉండేవి) పెట్టే వీలుంటే అవి గ్లవ్స్ మీద పడే నీళ్లని బాగా తగ్గిస్తాయి.

బూట్లు మాత్రం వాటర్‌ప్రూఫ్ పొర ఉన్నవే, పిక్క సగం దాకా వచ్చేవి కొనండి. ప్యాంటు ఎప్పుడూ బూటు పైనే, దీనికి మినహాయింపు లేదు. పోయినసారి మీ బూట్లు నిండింది పైనుంచే అయి ఉంటుంది. వాటర్‌ప్రూఫ్ బూటులోకి పైనుంచి దిగిన నీరు ఇక బయటికి పోదు, దాంట్లోనే నిలుస్తుంది. బూట్లకి డబ్బు సరిపోకపోతే పైన తొడిగే రెయిన్ కవర్లు ఉన్నాయి, కానీ రెండు మాటలు: గేరు రాడ్డు దగ్గర త్వరగా చిరుగుతాయి, అడుగు నున్నగా ఉన్నవి తడి రోడ్డు మీద కాలు దింపితే జారతాయి. గట్టి రబ్బరు అడుగు ఉన్నవైతేనే.

లోపల నూలు బనీన్లు, జీన్స్ వద్దు. చెమటకైనా తడిస్తే ఆరవు. పాలియెస్టర్ గానీ మెరినో ఉన్ని గానీ వేసుకోండి. రంగు అడిగితే ఫ్లోరసెంట్ పసుపు. మబ్బు పట్టిన పగటి వెలుతురులో అది నిజంగానే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రాత్రికి దానివల్ల లాభం లేదు, హెడ్‌లైట్ పడితే వెనక్కి మెరిసే పట్టీలే కావాలి. నల్ల సూట్ బాగుంటుంది, ఫోటోల్లో.

కొన్నాక ఇంట్లోనే పరీక్షించండి. లోపల తడి తెలిసే లేత బూడిద రంగు చొక్కా, ప్యాంటు వేసుకుని, పైన అన్నీ తొడుక్కుని, బైక్ మీద నడిపే భంగిమలోనే కూర్చోండి. ఎవరినైనా పైపుతో పావుగంట ఛాతీ మీదికి, ఒడిలోకి, భుజాల మీదికి నీళ్లు కొట్టమనండి. ఒడిలో నీరు నిలిచేదాకా ఆగాలి. తర్వాత విప్పి ఎక్కడ చొక్కా ముదురు రంగుకి మారిందో చూడండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

దారిలో చినుకు మొదలవ్వక ముందే తొడుక్కోవాలి. తడిసిన జాకెట్ మీద రెయిన్ సూట్ వేస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. సూట్‌ని సామాన్ల అడుగున కాకుండా, ఒక్క జిప్పు తీస్తే చేతికి వచ్చేలా పెట్టుకోండి. ఫోను, డబ్బు, కాగితాలు రెయిన్ సూట్ బయటి జేబుల్లో ఎప్పుడూ పెట్టకండి, దాని మీద ఏమి రాసి ఉన్నా సరే. రాత్రి విప్పాక తిరగేసి ఆరేయండి. తడిగా చుట్టిపెట్టి వదిలేస్తే బూజు పడుతుంది, పూత పొరలుగా ఊడుతుంది. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం వేసే ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, అది నీటిని జార్చే పూతని పాడుచేస్తుంది. నీటి బొట్లు గుండ్రంగా జారకుండా బట్ట మీద పరుచుకుంటుంటే ఆ పూత అరిగిందని, మళ్లీ స్ప్రే చేయాలని గుర్తు.

ఇక మీ ఆవిడ సంగతి. అదే రకం సూట్, ఆమె సైజులో, ఆమె బూట్లతో తొడిగి చూసి కొనండి. మీది పాతది ఆమెకి సర్దేయకండి. మీ వెనక గాలి తక్కువ కాబట్టి ఆమెకి వాన తక్కువ అనుకుంటారు చాలామంది. ఎదురు దెబ్బ తక్కువే, కానీ మీ వీపు మీంచి జారిన నీరు చేరేది ఆమె ఒడిలోకే, వెనక చక్రం చిమ్మే బురదనీరు కూడా ఆమె వైపే. పైగా ఆమె కదలకుండా కూర్చుంటుంది, మీకన్నా ముందు చలి పట్టేది ఆమెకే, అందుకని లోపల ఇంకో పల్చటి ఫ్లీస్ పొర ఎక్కువ వేసుకోమనండి. ఫుట్‌రెస్ట్ మీద మోకాళ్లు మీకన్నా ఎక్కువ వంగుతాయి కాబట్టి ఆమె ప్యాంటు అంచు ఇంకా పైకి లేస్తుంది, పొడవు ఆ భంగిమలోనే చూడాలి. గ్లవ్స్ మాత్రం ఆమెకి బ్రేకు పట్టే పని లేదు కాబట్టి మందంగా, వదులుగా ఉన్నా ఫర్వాలేదు, పైన తొడిగే తొడుగులు బాగా సరిపోతాయి. ఇద్దరివీ బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు కొనండి, పైపు పరీక్షలో ఏదైనా కారితే మార్చుకోవడానికి టైం ఉంటుంది.